బడి గేటు దాటాక మొదటి రెండేళ్లు
పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "పిల్లల కెరీర్ గురించి అరగంట మాట్లాడండి, ఇంజనీరింగులో ఏ బ్రాంచి తీసుకుంటే మంచిదో చెప్పండి" అన్నారు. ఏ బ్రాంచి మంచిదో చెప్పేవాళ్లకు ఇవాళ కొదవ లేదు. కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇంటికొచ్చి మరీ చెబుతున్నారు. ఆ ప్రశ్న దాకా రాగలిగిన పిల్లవాడు సగం దూరం వచ్చేసినట్టే. అక్కడిదాకా రానివాళ్ల గురించి మాట్లాడతానని ఆయన దగ్గర అనుమతి తీసుకున్నాను.

ఇంతకుముందు బ్యాచ్‌ల వారీగా లేచి నిలబడమన్నారు. ఒక్కో బ్యాచ్ నుంచి పదిమంది, పదిహేనుమంది లేచారు. మరి మా సెక్షన్లోనే యాభై మందికి పైగా ఉండేవాళ్లం. మిగిలినవాళ్లు ఏరి? కొందరు కాలం చేశారు, కొందరికి కుదరలేదు. కానీ చాలామంది అసలు మన వాట్సాప్ గ్రూపులోనే లేరు. వాళ్ల నంబరు ఎవరి దగ్గరా లేదు. పదో తరగతి తప్పి, సప్లిమెంటరీ కట్టకుండా మేస్త్రీ వెంట సెంట్రింగు పనికి వెళ్లినవాడు, ఇంటర్ మొదటి సంవత్సరంలో ఫీజు కట్టలేక మానేసినవాడు, సంబంధం కుదిరిందని చదువు ఆపేసిన అమ్మాయి ఆ జాబితాలో ఉంటారు. ఇది మన బడి ఒక్కదాని సంగతి కాదు. అమెరికాలో 1988లో విలియం టి. గ్రాంట్ ఫౌండేషన్ ఒక నివేదిక ప్రచురించింది. కాలేజీకి వెళ్లని యువత గురించి రాసిన ఆ నివేదికకు వాళ్లు పెట్టిన పేరుకు అర్థం 'మరచిపోయిన సగం'. అంత డబ్బున్న దేశంలోనే సగం మందిని మరచిపోయామని వాళ్లు రాసుకున్నారు.

నేను పనిచేసే చోట ఏటా ఐటీఐ పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకుంటాం. ఇంటర్వ్యూ బల్లకు ఇవతల నేను చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను. "ఐటీఐ అయి రెండేళ్లయింది కదా, ఇన్నాళ్లూ ఏం చేశావు?" అని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: "ఖాళీగా ఉన్నాను సార్." మన భాషలో నిరుద్యోగానికి వాడుక మాట అదే, ఖాళీ. ఊళ్లో ఎవరైనా "మీ అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అంటే తల్లి తలవంచుకుని "ఖాళీగానే ఉన్నాడండి" అంటుంది. ఆ మాట ఎంత నిజమో ఆస్ట్రియాలో కొందరు కొలిచి చూశారు.

వియన్నా దగ్గర మారియెన్‌తాల్ అని చిన్న ఊరు. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. ఆర్థిక మాంద్యంలో మిల్లు మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు తమ బృందంతో ఆ ఊరికి వెళ్లి ఇల్లిల్లూ పరిశీలించారు. 1933లో పుస్తకం వేశారు. తీరిక దొరికింది కదా, జనం ఎక్కువ చదువుతారని ఎవరైనా అనుకుంటారు. గ్రంథాలయంలో రుసుము ఎత్తేసినా, జనం తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. వీధిలో మనుషులు ఎంత వేగంగా నడుస్తున్నారో, ఎన్నిసార్లు ఆగుతున్నారో కిటికీలోంచి చూసి రాసుకున్నారు. మగవాళ్ల నడక నెమ్మదించింది, మాటిమాటికీ ఆగుతున్నారు. ఇంటిపని ఎప్పటిలాగే ఉంది కాబట్టి ఆడవాళ్లు మాత్రం తొందరలోనే ఉన్నారు. పని మనిషికి జీతంతో పాటు రోజుకొక ఆకారాన్ని, నలుగురితో మాటను, నాకొక స్థానం ఉందన్న భావనను ఇస్తుందని యహోదా తర్వాతి రాతల్లో వివరంగా చెప్పారు. పని పోయిన పెద్దవాళ్ల సంగతే ఇలా ఉంటే, పని అంటే ఏమిటో ఇంకా రుచి చూడని పద్దెనిమిదేళ్ల కుర్రాడు రెండేళ్లు ఖాళీగా ఉంటే ఏమవుతాడు? ఉదయం లేవడానికి కారణం లేని అలవాటు పడ్డాక మూడో ఏట ఉద్యోగం ఇచ్చినా నిలబెట్టుకోవడం కష్టం. ఇది నేను కళ్లారా చూస్తున్నదే. మొదటి నెలలో మానేసే అప్రెంటిస్‌లలో తెలివి తక్కువవాళ్లు చాలా తక్కువ. ఎక్కువమంది షిఫ్టు టైముకు రాలేక మానేస్తారు.

మన రైతుబిడ్డలకు ఒక మాట చెప్పనక్కర్లేదు. బోరు మోటారు నడిచేటప్పుడు తీసుకునే కరెంటు వేరు, లేచేటప్పుడు తీసుకునే కరెంటు వేరు. నేరుగా లైను మీద పెడితే లేచేటప్పుడు ఐదారు రెట్లు లాగుతుంది. అందుకే పెద్ద మోటారుకు స్టార్టరు పెడతాం. లేచి వేగం అందుకున్నాక దాని దారిన అది నడుస్తుంది. మనం చదువుకీ, ఉద్యోగానికీ ఎంతో ఖర్చు పెడతాం కానీ మధ్యలో ఆ స్టార్టరు సంగతి ఎవరూ పట్టించుకోరు.

పట్టించుకున్న మొదటివాళ్లలో ఒకాయన మన ఇంజనీర్లలోంచి వచ్చినవాడే కావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. ఫ్రాంక్ పార్సన్స్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ చదివి రైల్వే కంపెనీలో చేరాడు. 1873 ఆర్థిక సంక్షోభంలో ఆ కంపెనీ దివాలా తీసింది. ఆయన ఇనుప రోలింగ్ మిల్లులో కూలిపని చేశాడు, బడిలో పాఠాలు చెప్పాడు, తర్వాత లా చదివి న్యాయశాస్త్ర పాఠ్యగ్రంథాలు రాశాడు. చివరికి బోస్టన్ నగరంలో, వలస వచ్చిన పేద కుటుంబాలు ఉండే నార్త్ ఎండ్ పేటలోని సివిక్ సర్వీస్ హౌస్‌లో 1908 జనవరిలో వొకేషన్ బ్యూరో తెరిచాడు. పగలు ఏదో ఒక పని చేసుకుంటూ, దారి తెలియక తిరిగే యువతీయువకులను కూర్చోబెట్టి, పొడవాటి ప్రశ్నల పట్టికతో ఒక్కొక్కరి వివరం తెలుసుకునేవాడు. నీ సంగతి నీకు తెలియాలి, పనుల సంగతి తెలియాలి, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించాలి. ఆయన చెప్పిన సూత్రం ఇంతే. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన చనిపోయాడు. పుస్తకం మరుసటి ఏడాది వెలువడింది. ఇవాళ కెరీర్ కౌన్సెలింగ్ పేరుతో ఏసీ గదుల్లో వేలకు వేలు తీసుకుని పరీక్షలు పెట్టేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఈ విద్య పుట్టింది కూలివాడల్లో.

పుట్టినచోటు నుంచి అది క్రమంగా కాలేజీల వైపు జరిగిపోయింది. ఈ మాట అన్నది నేను కాదు, ఆ శాస్త్రంలో పనిచేసేవాళ్లే. బోస్టన్ కాలేజీలో డేవిడ్ బ్లూస్టీన్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు చిన్నాచితకా ఉద్యోగాల్లో ఉన్న యువతను కూర్చోబెట్టి మాట్లాడించి 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. అందరివీ దాదాపు ఒకే స్థాయి ఉద్యోగాలు. కానీ కాస్త కలిగిన ఇంట్లో పుట్టినవాళ్లు పనిని తమకు తృప్తినిచ్చేదిగా, ఇంకెక్కడికో తీసుకెళ్లే మెట్టుగా చూశారు. లేని ఇంట్లో పుట్టినవాళ్లకు అది పూట గడిచే మార్గం. మొదటివాళ్లకు అడిగితే సాయం చేసే మనుషులున్నారు, రెండోవాళ్లకు తక్కువ. 'నీకు ఏది ఇష్టం?' అనే ప్రశ్న దగ్గర మొదలయ్యే కౌన్సెలింగ్, ఇష్టపడే వెసులుబాటు ఉన్నవాళ్లకే పనికొస్తుందని బ్లూస్టీన్ తర్వాత పుస్తకాల్లో వాదించారు. నాకు ఇది చాలా నిజమనిపిస్తుంది. ఇంట్లో అప్పు ఉన్న కుర్రాణ్ని "నీ ప్యాషన్ ఏమిటి నాన్నా?" అని అడిగితే వాడు మర్యాదకు నవ్వుతాడు.

అయితే ఏం చేయాలి? మనం సాధారణంగా చేసేది ఒకటుంది. ఏటా ఒక సభ పెట్టి, ఒక ఆఫీసరు గారిని పిలిచి, ఏ కోర్సు చదివితే ఏ ఉద్యోగం వస్తుందో చెప్పిస్తాం. అది పనికిరాదని అనను. రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త డొమినికన్ రిపబ్లిక్‌లో ఎనిమిదో తరగతి మగపిల్లలను, చదువుకుంటే జీతం ఎంత పెరుగుతుందని అడిగాడు. అసలు పెరిగేదానికంటే చాలా తక్కువ చెప్పారు. కొన్ని బళ్లలో మాత్రం నిజమైన లెక్కలు వివరించి, తర్వాత నాలుగేళ్లు గమనించాడు. లెక్కలు విన్న పిల్లలు సగటున 0.20 నుంచి 0.35 సంవత్సరం ఎక్కువ చదివారు. ఒక్క పూట మాటకు అది పెద్ద ఫలితమే. కానీ 2010లో అచ్చయిన ఆ వ్యాసంలో నన్ను ఆపిన వాక్యం వేరే ఉంది. ఆ లాభం కాస్త నిలదొక్కుకున్న ఇళ్ల పిల్లల్లోనే కనబడింది. మరీ పేద పిల్లల్లో దాదాపు లేదు. వాళ్లకూ విషయం అర్థమైంది, నమ్మారు కూడా. చేతిలో డబ్బు లేదు, అంతే.

డబ్బు ఒక్కటే అడ్డు కాదని మన దేశంలోనే ఇంకొకరు చూపించారు. బెంగళూరులోని ప్రామిస్ ఫౌండేషన్ తరఫున గిడియన్ అరుళ్‌మణి, సోనాలీ నాగ్ అరుళ్‌మణి ఎన్నో ఏళ్లుగా పేద పిల్లలతో ఈ పని చేశారు, 2004లో కౌన్సెలర్లకు ఒక చేతిపుస్తకం రాశారు. పేద పిల్లల్లో కొన్ని నమ్మకాలు బలంగా పాతుకుపోయి ఉంటాయని వాళ్లు గమనించారు. మన చేతిలో ఏమీ లేదని, మూడేళ్లు నేర్చుకుంటూ కూర్చోవడం కన్నా ఇవాళ్టి కూలి మేలని. మన ఊరి మాటలో చెప్పాలంటే "మనకెందుకొచ్చిన గొడవ", "మనలాంటివాళ్లకు ఎవడిస్తాడు". ముందు ఆ నమ్మకాలతో మాట్లాడాలి, సమాచారం తర్వాత. ఈ వరస మనకు ముఖ్యం. ఎందుకంటే ఆ నమ్మకం ఆఫీసరు గారి ఉపన్యాసంతో పోదు. అదే వీధిలో పెరిగి, అదే బెంచీ మీద కూర్చుని, ఇవాళ లైన్‌మన్‌గానో, సీఎన్‌సీ ఆపరేటరుగానో, నర్సుగానో ఉన్న మనిషి కళ్లముందుకొస్తే కదులుతుంది.

అమ్మాయిల విషయంలో ఇది ఎంత గట్టిగా పనిచేస్తుందో అదే జెన్సన్ మన ఉత్తర భారత గ్రామాల్లో చూపించాడు. 160 గ్రామాలు తీసుకుని, అందులో సగం గ్రామాలకు మూడేళ్లపాటు బీపీవో ఉద్యోగాల రిక్రూటర్లను పంపించాడు. వాళ్లు వచ్చి, ఉద్యోగం ఎలా ఉంటుంది, ఏం నేర్చుకోవాలి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు అని చెప్పి, దరఖాస్తుకు సాయం చేశారు. డబ్బు ఇవ్వలేదు, ఆడపిల్లను చదివించండని ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఆ గ్రామాల్లో 15 నుంచి 21 ఏళ్ల అమ్మాయిలకు ఆ మూడేళ్లలో పెళ్లిళ్లు, కాన్పులు తగ్గాయి. ఉద్యోగాలకు, కంప్యూటర్ లాంటి శిక్షణలకు వెళ్లడం పెరిగింది. ఇంకా చిన్న అమ్మాయిలను బడికి పంపడం పెరిగింది, వాళ్ల ఒంటి బరువు కూడా మెరుగుపడింది. తలుపు నిజంగా తెరుచుకుంటుందని కళ్లారా చూశాక తల్లిదండ్రులు తిండి పెట్టడంలో కూడా తేడా చూపారన్నమాట. ఆడపిల్లల తండ్రులు ఈ సభలో చాలామంది ఉన్నారు, ఇంతకంటే చెప్పను.

ఇక నేను ఎక్కువసేపు ఆగాలనుకున్న చోటికి వస్తాను. ఫలితాలు వచ్చిన రోజుకూ, చేరాల్సిన చోట చేరిన రోజుకూ మధ్య వారాలు. అమెరికాలో బెంజమిన్ కాసిల్‌మన్, లిండ్సే పేజ్ అనే ఇద్దరు దీనిమీదే 2014లో ఒక పుస్తకం రాశారు. హైస్కూలు ముగించి, కాలేజీకి వెళ్తామని నిశ్చయించుకున్న పిల్లల్లో కూడా 10 నుంచి 20 శాతం మంది సెలవుల తర్వాత ఎక్కడా చేరడం లేదు. పేదపిల్లల్లో ఇది ఇంకా ఎక్కువ. మనసు మారి కాదు. ఏదో ఒక ఫారం నింపడం తెలియలేదు, ఒక గడువు దాటిపోయింది, అడగడానికి మనిషి లేడు. బడి అప్పటికే వాళ్లను వదిలేసింది, కాలేజీ ఇంకా అందుకోలేదు. ఆ సెలవుల్లో ఒక కౌన్సెలరు ఒక్కో పిల్లవాడితో రెండు మూడు గంటలు గడిపినా, చివరికి ఫోనుకు సమయానికి కొన్ని సందేశాలు పంపినా చేరేవాళ్ల సంఖ్య పెరిగింది.

మనకు ఆ వారాల్లో ఏం జరుగుతుందో బడిలో గుమాస్తా గారిని అడగండి, నాకంటే బాగా చెబుతారు. ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవకు వెళితే తండ్రి రావాలంటారు. తండ్రి హైదరాబాదులో వాచ్‌మన్. బ్యాంకు ఖాతాకు ఫోన్ నంబరు లింకు లేదు, స్కాలర్‌షిప్ రాదు. ఐటీఐ కౌన్సెలింగ్ తేదీ పేపర్లో పడింది, ఇంట్లో పేపరు రాదు. మనలో ఎవరి పిల్లలకైనా ఇందులో ఒక్కటి అడ్డమైతే ఒక ఫోన్‌తో తీరిపోతుంది. అదే వాళ్లకు ఒక సంవత్సరం పోతుంది. ఆ సంవత్సరం పోయినవాడు మళ్లీ దరఖాస్తు పెట్టడం అరుదు. ఇంట్లోవాళ్లు పనిలో పెట్టేస్తారు. అందుకే ఈ రెండు నెలలే అసలు ప్రమాదమని నా అభిప్రాయం. మార్కులు తక్కువ రావడం ప్రమాదం కాదు.

పని దొరకడంలో ఇంకో సంగతి. మార్క్ గ్రానోవెటర్ 1970ల మొదట్లో బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో, ఈమధ్య ఉద్యోగం మారినవాళ్లను ఎలా దొరికిందని అడిగాడు. సగం మందికి పైగా తెలిసినవాళ్ల ద్వారానే. ఆ తెలిసినవాళ్లను ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, తరచుగా కలిసేవాళ్లు 17 శాతమే. ఎప్పుడైనా కలిసేవాళ్లు, అరుదుగా కలిసేవాళ్లే మిగతా అంతా. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు దూరపు పరిచయం నుంచే వస్తుంది. ఆయన అడిగింది చదువుకున్న ఉద్యోగులనే అనుకోండి. కానీ పేదింటి కుర్రాడి విషయంలో ఇది ఇంకా తేటగా కనబడుతుంది. వాడికి బంధువులు లేక కాదు. బాబాయి సెంట్రింగు, మావయ్య సెంట్రింగు, పెద్దన్న సెంట్రింగు. సాయం చేయమంటే ముగ్గురూ ప్రాణం పెడతారు, ముగ్గురూ సెంట్రింగు పనికే తీసుకెళ్తారు. వాడికి లేనిది ఎప్పుడైనా కలిసే దూరపు పరిచయం.

ఎప్పుడైనా కలిసే దూరపు పరిచయాలంటే ఎవరో ఈ హాలు చుట్టూ చూడండి.

కౌన్సెలింగ్ ఉద్యోగాలను పుట్టించలేదు, ఆ సంగతి నాకు తెలుసు. ఊరికి ఫ్యాక్టరీ రావాలంటే అది వేరే చోట, వేరే మనుషులు చేయాల్సిన పని. చట్టాలు కూడా లేకపోలేదు. అప్రెంటిస్‌ల చట్టం 1961 నుంచే ఉంది, అందులో స్టైపెండూ ఉంది. ఉన్నదాన్ని అందుకోవడానికి కావలసిన చేయి మాత్రం చాలా ఇళ్లకు లేదు.

కోశాధికారి గారు క్షమించాలి, ఇప్పుడు డబ్బు మాట. మన సంఘం ఏటా పదో తరగతిలో మొదటి ముగ్గురికి నగదు బహుమతి ఇస్తోంది. ఇవ్వాల్సిందే, గోడ మీద వాళ్ల పేర్లు రాయాల్సిందే. స్వర్ణోత్సవ ఆర్చి కూడా కట్టుకుందాం. కానీ మొదటి ముగ్గురికీ మనం లేకపోయినా దారి దొరుకుతుంది. ఆర్చికి అనుకున్న మొత్తంలో నాలుగో వంతు పక్కన పెట్టమని కార్యవర్గానికి రాసి ఇచ్చాను. అది ప్రయాణాలకు, దరఖాస్తు రుసుములకు, సప్లిమెంటరీ ఫీజులకు, ఒక జత సేఫ్టీ బూట్లకు. నవ్వకండి, బూట్లు కొనలేక మొదటి వారం రానివాణ్ని నేను చూశాను.

డబ్బు కంటే ముందు మనుషులు కావాలి. పదో తరగతి పరీక్షలు కాగానే, క్లాసు టీచర్లు తప్పిపోతారేమోనని భయమున్న పిల్లల పేర్లు ఇరవై రాసి ఇవ్వాలి. మార్కులను బట్టి కాదు, ఇంటి పరిస్థితిని బట్టి. మాస్టారూ, మీకున్న పనులు నాకు తెలుసు, మిమ్మల్ని అడుగుతున్నది ఆ కాగితం ఒక్కటే. ఆ ఇరవై మందికి మనలోంచి ఇరవై మంది. రెండేళ్లపాటు నెలకు రెండు ఫోన్లు. మొదటి రెండు నెలలు మాత్రం వారానికొకటి. ఉపన్యాసం వద్దు. "సర్టిఫికెట్ వచ్చిందా? తేదీ ఎప్పుడు? ఎవరు వెళ్తున్నారు నీతో?" ఇంతే. ఏడాదికొకసారి మీరు పనిచేసే చోటికి ఆ పిల్లవాణ్ని, ఇంట్లో ఒకరిని తీసుకెళ్లి ఒక పూట చూపించండి. ఆఫీసుల్లో ఉన్నవాళ్లకంటే వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్లు, నర్సులు, డ్రైవర్లు, సొంత షాపు నడిపేవాళ్లు దీనికి ఎక్కువ పనికొస్తారు. అలాంటివాళ్లు మన గ్రూపులో లేరు కాబట్టి, మీ బ్యాచ్‌లో ఎవరున్నారో మీరే వెతకాలి. సభకు రాని ఆ పాతవాళ్లను పిలవడానికి ఇంతకంటే మంచి సాకు నాకు తోచలేదు. చందా అడగకుండా ఫోన్ చేస్తే వాళ్లూ సంతోషిస్తారు.

ఆడపిల్లలకు ఫోన్ చేసేది మన అక్కచెల్లెళ్లలో ఎవరైనా అయితే ఇళ్లలో ఇబ్బంది ఉండదు. రెండేళ్లయ్యాక ఇరవై మందిలో ఎంతమంది ఎక్కడున్నారో, ఎంతమంది మన చేయి జారిపోయారో, ఎందుకో, సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి. లెక్క బాగా లేకపోయినా చదవాలి.

భోజనాల హాలుకు వెళ్లే దారిలో, ఎడమవైపు బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టించాను. పేరు, ఏ బ్యాచ్, ఏం పని, ఏ ఊరు, ఏ రోజు ఏ టైములో ఫోన్ చేయగలరు అని ఐదు గడులున్నాయి. పెన్ను దారంతో కట్టే ఉంది. ఈ ఉదయం తొమ్మిదింటికి పెట్టాం, ఇప్పటికి ఆరు పేర్లున్నాయి.